మెదడు మీది మూడు పొరలు మీకెలా అర్థమయ్యాయి?

నర్సింగ్_రెండో_ఏడు:
వరాశిక, లౌతికళ, మృద్వి... పేర్లు కంఠతా వచ్చాయి. ఏది దేనికి అతుక్కుంటుందో, ఖాళీ ఎక్కడుంటుందో మాత్రం పరీక్ష హాల్లో కలగాపులగం అవుతోంది. మీరెలా గుర్తుపెట్టుకున్నారు?

డిసెక్షన్_టేబుల్:
పుర్రె పైకప్పు తీసిన రోజు నాకు అర్థమైంది. వరాశిక తోలులా మందంగా ఎముకను పట్టుకుని ఉంది, బలంగా లాగితే గానీ ఊడలేదు. దాన్ని కోస్తే కింద పల్చటి పొర, గాడుల్లోకి దిగకుండా మడతల మీదుగా పరుచుకుని కనిపించింది. అదే లౌతికళ. లూత అంటే సాలెపురుగు. దాని అడుగున ఉన్న సన్నటి పోగులు చూస్తే ఆ పేరెందుకో తెలుస్తుంది. మృద్విని పట్టకారుతో ఒలవబోతే మెదడు ముక్కతో సహా వచ్చింది. ప్రతి గాడిలోకీ దిగి అతుక్కుంటుంది మరి.

నాన్నకోసం:
మాకు స్కాన్ చూశాకే తెలిసింది. నాన్నకు 74 ఏళ్లు. బాత్రూమ్‌లో జారితే తల గోడకు తగిలింది. గాయం లేదు, మామూలుగానే తిరిగారు. మూడు వారాలకు మాట తడబడింది, కుడికాలు ఈడ్చసాగారు. వయసు వల్లేమో అనుకుని నాలుగు రోజులు ఊరుకున్నాం. చివరికి చూస్తే వరాశికకూ లౌతికళకూ మధ్య రక్తం! వయసుతో మెదడు కాస్త కుంచించుకుపోతుందట. అక్కడి నుంచి వరాశికకు వెళ్లే సన్నటి సిరలు సాగి ఉండి, చిన్న కుదుపుకే తెగుతాయట. పుర్రెకు రంధ్రం పెట్టి రక్తం తీసేశారు. ఆ నాలుగు రోజులు తలచుకుంటే ఇప్పటికీ బాధే.

క్యాజువాలిటీ_నైట్:
సిర కాబట్టి మెల్లగా బయటపడిందండీ. ధమని తెగితే అంత టైమ్ ఉండదు. కణత దగ్గర ఎముక పల్చన, దాని లోపలి వైపే వరాశిక ధమని పోతుంది. అక్కడ దెబ్బ తగిలితే ఎముకకూ వరాశికకూ మధ్య రక్తం చేరుతుంది. కొందరు స్పృహ తప్పి, లేచి, చక్కగా మాట్లాడి, కొన్ని గంటల్లోనే మళ్లీ పడిపోతారు. "బాగానే ఉన్నాడుగా, ఇంటికి తీసుకెళ్తాం" అని ఎవరైనా అంటే నాకు గుండె జారుతుంది.

సిజేరియన్_తర్వాత:
వెన్నుకు మత్తు ఇచ్చిన మర్నాడు, లేచి కూర్చుంటే తల పగిలిపోయేది. పడుకుంటే హాయి. సూది పడిన చోట నీరు కారిందన్నారు. వెన్నులో కారితే తల ఎందుకు నొస్తుంది?

డిసెక్షన్_టేబుల్:
ఈ పొరలే వెన్నుపాము చుట్టూ కిందిదాకా దిగుతాయండీ. ఆ నీరు, అంటే మెదడు, వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవం, లౌతికళకూ మృద్వికీ మధ్య ఉంటుంది. పెద్దవాళ్లలో మొత్తం సుమారు 150 మి.లీ., రోజుకు 500 మి.లీ. దాకా కొత్తగా ఊరుతుంది. అది తగ్గితే, కూర్చున్నప్పుడు మెదడు కిందికి జారి వరాశికను లాగుతుంది. మెదడుకు నొప్పి తెలియదు గానీ వరాశికకు తెలుస్తుంది.

నర్సింగ్_రెండో_ఏడు:
ఇప్పుడు ఏ ఖాళీ ఎక్కడో బొమ్మ గీయగలను. నాన్నకోసం గారూ, పెద్దాయన ఇప్పుడెలా ఉన్నారు?

నాన్నకోసం:
నడుస్తున్నారమ్మా. బాత్రూమ్‌లో పట్టుకోవడానికి రాడ్ పెట్టించాం.