కేసులో చిరిగిన యూనిఫాంకి జీతంలో కోత పెట్టారు. ఇదేం న్యాయం?

హైవే ఈఎంటీ (సోమవారం, రాత్రి 11:40)
ఏజెన్సీ పేరు అడగొద్దు, చెప్పను. ప్రైవేటు అంబులెన్సులు నడిపే ఒక కాంట్రాక్టు సంస్థలో ఆరేళ్లుగా ఈఎంటీని, అంటే బండిలో పేషెంటుకి అత్యవసర చికిత్స చేసేవాణ్ని. పోయిన నెల చౌటుప్పల్ దాటాక హైవే మీద లారీ కింద ఇరుక్కున్న బైకు కేసు. మనిషిని బయటికి తీసేటప్పుడు నా చొక్కా చేయి రేకుకి పట్టుకుని భుజం దాకా చిరిగింది. ప్యాంటు మోకాళ్ల వరకూ రక్తమే. పేషెంటు బతికాడు, అది వేరే సంగతి. మర్నాడు స్టోర్‌కి వెళ్తే "ఏడాదికి రెండు జతలే, నీ కోటా అయిపోయింది" అన్నారు. అయినా కొత్త జత ఇచ్చారు కదా అని సంతోషపడ్డాను. ఈ నెల స్లిప్‌లో "యూనిఫాం రికవరీ 1,450" అని ఉంది. నా చేతికొచ్చేది పదిహేను వేల చిల్లర. డ్యూటీలో చిరిగిన బట్టకి నేనెందుకు కట్టాలి? మీ దగ్గర ఎలా ఉంది?

పాత పైలట్ (మంగళవారం, ఉదయం 6:15)
తమ్ముడూ, పదహారేళ్లుగా అంబులెన్సు నడుపుతున్నాను. ఏనాడూ స్టోర్ ముందు చేయి చాచలేదు. కోఠీలో గుడ్డ తీసుకుని మా వీధి టైలర్‌తో కుట్టిస్తాను. లాయరుకి నల్లకోటు కోర్టు కొనిస్తుందా? మన పని, మన బట్ట. అయినా ముందు ఒకటి చెప్పు. చొక్కా మీద యాప్రాన్ ఎందుకు వేసుకోలేదు?

గోదారిగట్టు (మంగళవారం, ఉదయం 6:32)
లాయరు క్లయింటు రక్తం తాగితే తాగుతాడేమో గానీ కోటుకి మాత్రం అంటనివ్వడు లెండి.

చట్టం చదివినోడు (మంగళవారం, ఉదయం 9:05)
కొంచెం వివరంగా రాస్తాను, ఓపిక పట్టండి. జీతంలోంచి యజమాని తన ఇష్టమొచ్చినట్టు కోయడానికి లేదు. ఏయే కారణాలకి కోయవచ్చో 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టం ఏడో సెక్షన్‌లో జాబితా ఉంది. అందులో ఒకటి, ఉద్యోగికి అప్పగించిన వస్తువు పాడైతే కోయవచ్చని. కానీ అది ఉద్యోగి నిర్లక్ష్యం వల్లే పాడై ఉండాలి. కోసే ముందు అతనికి సంజాయిషీ చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. జరిగిన నష్టం కంటే పైసా ఎక్కువ కోయకూడదు. ఇప్పుడు ఆ చట్టం స్థానంలో 2019 వేతనాల కోడ్ వచ్చింది, 2025 నవంబరు 21 నుంచి అమల్లో ఉంది. ఈ విషయంలో మాట అదే. మీకు నోటీసు ఇచ్చారా? మీరు సంతకం పెట్టారా? అదీ అసలు ప్రశ్న.

పాత పైలట్ (మంగళవారం, ఉదయం 9:20)
నిర్లక్ష్యం అని మీరే అన్నారుగా సార్. యాప్రాన్ వేసుకోకపోవడం నిర్లక్ష్యం కాదా?

హైవే ఈఎంటీ (మంగళవారం, మధ్యాహ్నం 1:50)
నోటీసు లేదు, సంతకం లేదు. స్లిప్ చూసుకుంటేనే తెలిసింది. అన్నా, లారీ కింద మనిషి అరుస్తుంటే యాప్రాన్ తాళ్లు కట్టుకుంటూ కూర్చోమంటారా?

పాత పైలట్ (మంగళవారం, మధ్యాహ్నం 2:10)
బండి దిగేలోపే కట్టుకోవాలి. పది సెకన్ల పని.

స్టాఫ్ నర్స్, గుంటూరు (మంగళవారం, సాయంత్రం 4:30)
యాప్రాన్ గోల కాసేపు ఆపుతారా? నేను కేంద్ర ప్రభుత్వ ఉద్యోగిని. ఏడో వేతన సంఘం తర్వాత 2017 జులై నుంచి మాకు డ్రెస్ అలవెన్సు నెలకి 1,800 చొప్పున జీతంతో కలిపి వచ్చింది. అంతకు ముందు యూనిఫాంకి వేరు, ఉతుకుడుకి వేరు ఉండేవి, రెండూ కలిపేశారు. వార్డులో ఫ్యాను కింద తిరిగే మాకే అంత ఇస్తే, రోడ్డు మీద మోకాళ్లు ఆనించి పనిచేసేవాళ్ల దగ్గర తిరిగి వసూలు చేయడమేంటి?

పాత పైలట్ (మంగళవారం, సాయంత్రం 5:00)
మేడం, మీది పర్మనెంటు. మాది కాంట్రాక్టు. మీ లెక్కలు మాకు చెబితే కడుపు నిండదు.

టెండర్ బాధితుడు (మంగళవారం, సాయంత్రం 5:12)
మా దగ్గర ఏజెన్సీ మారింది. రంగు అదే, జేబు మీద లోగో ఒక్కటే వేరు. శుభ్రంగా ఉన్న రెండు జతలు మూలన పడ్డాయి. కొత్తవి నాలుగు నెలల దాకా రాలేదు. ఈలోగా "సివిల్ డ్రెస్‌లో వచ్చావు" అని ఫైన్ వేశారు.

ఎడిసన్ తెలుగోడు (బుధవారం, ఉదయం 7:45)
న్యూజెర్సీలో అంబులెన్సు మీదే పని నాది. ఇక్కడ 1991 నుంచి రక్తం ద్వారా వచ్చే జబ్బుల మీద ఫెడరల్ నిబంధన ఒకటి ఉంది. రక్షణ కోసం ఇచ్చిన బట్టలు ఉతికించడం, బాగు చేయించడం, మార్చడం అంతా యజమాని ఖర్చే. రక్తం తడిసిన దాన్ని వెంటనే విప్పేయాలి. ఆ గౌన్లూ యాప్రాన్లూ ఇంటికి పట్టుకెళ్లి ఉతుక్కో అనకూడదు. కానీ మామూలు యూనిఫాంని రక్షణ సామగ్రి కింద లెక్కవేయరు, పేచీ అక్కడే మొదలవుతుంది. నా బూట్లు నేనే కొనుక్కున్నాను, అవీ చవకేం కాదు.

గోదారిగట్టు (బుధవారం, ఉదయం 7:51)
అమెరికాలో కూడా బూట్లు సొంతమేనన్నమాట. ప్రాణం లేచొచ్చింది.

ఇంటి మనిషి (బుధవారం, ఉదయం 10:20)
నేను ఈ పనిలో లేను. మా ఆయన ఈఎంటీ. రెండు రోజులుగా చదువుతున్నాను. ఎవరు కొనాలని ఇంత కొట్టుకుంటున్నారు గానీ ఎవరు ఉతుకుతున్నారని ఒక్కరైనా అడగలేదు. తెల్లారి డ్యూటీ దిగి వచ్చి ఆ జత బాత్రూంలో పడేసి పడుకుంటారు. నేను చన్నీళ్లలో నానబెడతాను, వేణ్నీళ్లు పోస్తే మరక గట్టిపడిపోతుంది. దానికి విడిగా ఒక ఎర్ర బకెట్ పెట్టాను, మా పాప గౌన్లతో కలవకుండా. చేతికి గ్లవ్స్ లేవు, పాలిథిన్ కవర్లు తొడుక్కుంటాను. ఆ రక్తం ఎవరిదో, వాళ్లకి ఏం జబ్బుందో నాకెవరు చెబుతారు?

స్టాఫ్ నర్స్, గుంటూరు (బుధవారం, ఉదయం 10:48)
అమ్మా, ముందు ఆ కవర్లు మానెయ్యండి. మందపాటి రబ్బరు గ్లవ్స్ కొనండి. హెపటైటిస్ బి వైరస్ ఎండిపోయిన రక్తంలో కూడా ఏడు రోజుల దాకా బతికే ఉంటుంది. మీ ఆయన టీకా మూడు డోసులూ పూర్తి చేసుకున్నారో లేదో అడగండి. మీరూ వేయించుకోండి. ఆసుపత్రిలో అలా రక్తం అంటి పారేయాల్సిన బట్ట పసుపు సంచిలోకి పోతుంది, 2016 బయోమెడికల్ వ్యర్థాల నియమాల ప్రకారం. ఉతికి మళ్లీ వాడేదైతే లాండ్రీకి. అదే రక్తం అంబులెన్సులో అంటితే మీ ఎర్ర బకెట్‌లోకి వస్తోంది.

హైవే ఈఎంటీ (బుధవారం, మధ్యాహ్నం 12:30)
మా అమ్మ ఉతుకుతుంది నావి. ఇంతవరకూ నేనూ ఆలోచించలేదు.

పాత పైలట్ (బుధవారం, మధ్యాహ్నం 12:55)
నాది నేనే ఉతుక్కుంటాను. యాప్రాన్ వేసుకుంటే ఇవేవీ ఉండవని మొదటి నుంచీ మొత్తుకుంటున్నాను.

హైవే ఈఎంటీ (బుధవారం, మధ్యాహ్నం 1:15)
అన్నా, ఇక దాపరికం ఎందుకు. కోఠీ గుడ్డ, వీధి టైలరు అనగానే మీరెవరో నాకు తెలిసిపోయింది. మనం ఒకే ఏజెన్సీ. రెండు నెలల జీతం ఆపినప్పుడు మేం మూడు రోజులు బండ్లు ఆపాం. ఆ మూడు రోజులూ ఇస్త్రీ చొక్కా వేసుకుని డ్యూటీ చేసింది మీరు. ఇవాళ యాప్రాన్ అంటున్నారు, ఆ రోజు "పేషెంట్లు ఏమైపోతారు" అన్నారు. ఎప్పుడూ మీరు ఏజెన్సీ పక్కనే.

గోదారిగట్టు (బుధవారం, మధ్యాహ్నం 1:17)
ఇదా సంగతి!

మోడరేటర్ (బుధవారం, మధ్యాహ్నం 1:40)
ఎవరి గుర్తింపూ బయటపెట్టొద్దు. ఇంకోసారి ఇలా రాస్తే ఈ చర్చ మూసేస్తాను.

పాత పైలట్ (బుధవారం, రాత్రి 10:05)
మూయకండి, నేనూ చెప్పాలి. అవును, ఆ మూడు రోజులూ డ్యూటీ చేశాను. జీతం నాకూ రాలేదు.

బట్ట సొంతంగా ఎందుకు కొంటానో విను. చేరిన కొత్తలో నా జత చిరిగితే స్టోర్‌వాళ్లు రెండు నెలలు ఆగమన్నారు. మామూలు గళ్ల చొక్కా వేసుకుని బండి నడిపాను. ఒక రాత్రి యాక్సిడెంట్ స్పాట్‌కి వెళ్లి స్ట్రెచర్ దించుతుంటే వెనక నుంచి ఎవడో మెడ మీద కొట్టాడు. గుద్దిన డ్రైవరుని నేనే అనుకున్నారు. నలుగురు కలిసి కొట్టారు. ఈఎంటీ అడ్డుపడి తన చొక్కా మీద గుర్తు చూపిస్తే వదిలారు. ఎడమ చెవి ఇప్పటికీ సరిగా వినపడదు. అప్పటి నుంచి వాళ్లు ఇచ్చేదాకా ఆగను. నీ రూలు నిజమే కావచ్చు. ఆ రూలు వచ్చేదాకా రోడ్డు మీద దెబ్బలు ఎవడు తింటాడు?

హైవే ఈఎంటీ (బుధవారం, రాత్రి 10:40)
చెవి సంగతి నాకు తెలియదన్నా. కానీ మీరు చెప్పిందే నా మాట కూడా. ఆ చొక్కా దెబ్బలు తప్పిస్తుందంటే అది అలంకారం కాదు, రక్షణ. అది కొనాల్సింది వాళ్లు. మీరు పదహారేళ్లు సొంతంగా కొన్నారు కాబట్టే వాళ్లకి మా దగ్గర 1,450 కోసే ధైర్యం వచ్చింది.

పాత పైలట్ (బుధవారం, రాత్రి 10:52)
నా పిల్లల ఫీజు నీ ధైర్యంతో కట్టలేను కదా.

చట్టం చదివినోడు (గురువారం, ఉదయం 8:30)
మీ ఇద్దరి మధ్య నేను దూరను. కోత ఎందుకో, ఏ నిబంధన కిందో రాతపూర్వకంగా అడగండి. కాపీ మీద అందినట్టు స్టాంపు వేయించుకోండి. తేల్చకపోతే లేబర్ ఆఫీసు ఉంది.

హైవే ఈఎంటీ (తర్వాతి సోమవారం, రాత్రి 9:10)
లెటర్ ఇచ్చాను. ఇవాళ జవాబొచ్చింది. "సంఘటన సమయంలో యాప్రాన్ ధరించకపోవడానికి కారణం మూడు రోజుల్లో తెలియజేయగలరు."

పాత పైలట్ (సోమవారం, రాత్రి 9:25)
నేను చెప్పలేదు, ఒట్టు.

పాత పైలట్ (సోమవారం, రాత్రి 9:48)
ఇది కూడా రాసుకో. షిఫ్టు మారేటప్పుడు బండిలో స్టాకు రిజిస్టరు నింపుతాం కదా, యాప్రాన్ల గడి చూడు. నా బండిలో నాలుగు నెలలుగా "నిల్" రాస్తున్నాను. నాది నేను కొనుక్కున్నది. నీ బండి రిజిస్టరులో ఆ తేదీకి ముందు ఏం రాసి ఉందో ఫోటో తీసి జతచెయ్. ఫోటో ఈ రాత్రే తీసుకో, రేపటికి పేజీ ఉంటుందో లేదో.

హైవే ఈఎంటీ (సోమవారం, రాత్రి 11:30)
తీశాను. నిల్.

టెండర్ బాధితుడు (మంగళవారం, ఉదయం 6:05)
పైలట్ అన్నా, కోఠీలో మీరు గుడ్డ తీసుకునే షాపు ఎక్కడ? మా సైజుల్లో 44 దాటి రావట్లేదు.