అమ్మానాన్నలు స్టాక్‌హోమ్‌ వస్తున్నారు, యునెస్కో ప్రదేశాల్లో ఏవి చూపించాలి?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. జులైలో అమ్మానాన్నలు విజయవాడ నుంచి మా దగ్గరికి వస్తున్నారు. నాన్నగారు సోషల్ మాస్టారుగా రిటైరయ్యారు. స్వీడన్‌లో ఉన్న 15 ప్రపంచ వారసత్వ ప్రదేశాల పేర్లూ అప్పుడే నోట్‌బుక్‌లో రాసి పెట్టుకున్నారు, లాపోనియాతో సహా. మాకు కారు లేదు. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, మెట్లంటే కష్టం. ఏవి పెట్టుకోమంటారు?

జవాబు:
లాపోనియా ఈసారికి వద్దండి. ఉత్తరాన 9,400 చదరపు కిలోమీటర్ల కొండలూ బురదనేలలూ, సామీ ప్రజలు రెయిన్‌డీర్లను మేపుకునే సీమ అది. మోకాళ్ళు బాగున్నవాళ్ళకే కష్టం. గోట్లాండ్ దీవిలోని పాత కోటగోడల పట్నం విస్బీ చాలా బాగుంటుంది, కానీ నీనెస్‌హామ్న్ రేవు నుంచి ఫెర్రీలో మూడు గంటల పైనే పడుతుంది కాబట్టి ఒక రాత్రి ఉండేలా అయితేనే వెళ్ళండి.

మొదట రాజుగారి కోట ద్రొత్నింగ్‌హోమ్ చూపించండి. స్వీడన్‌ నుంచి యునెస్కో జాబితాకెక్కిన మొదటిది ఇదే, 1991లో. గ్రీన్ లైన్ మెట్రోలో బ్రొమ్మాప్లాన్ దాకా వెళ్ళి, అక్కడ బస్సెక్కితే చాలు. వేసవిలో సిటీ హాల్ దగ్గర్నుంచి పడవ కూడా ఉంటుంది, అమ్మగారికి అదే హాయి. కోటతో సరిపెట్టుకోకండి, పక్కనున్న నాటకశాలకి గైడ్‌తో వెళ్ళే టికెట్ తీసుకోండి. 1766 నాటిది. చెక్కతో చేసిన మెలికల స్తంభాలను చేత్తో తిప్పితే స్టేజీ మీద సముద్రపు అలలు లేస్తాయి, రాళ్ళు నింపిన చెక్కపెట్టెను అటూ ఇటూ వంచితే ఉరుము వినిపిస్తుంది. సురభి నాటకాలు చూసినవారెవరైనా అక్కడ్నుంచి ఓ పట్టాన కదలరు.

నన్నడిగితే, ఒక రోజు మొత్తం ఇవ్వాల్సింది మాత్రం ఫాలూన్ రాగి గనికి. రైల్లో మూడు గంటలలోపే. 17వ శతాబ్దంలో యూరప్ రాగిలో మూడింట రెండు వంతులు ఈ ఒక్క కొండే ఇచ్చింది. 1687లో గని కూలిపోయి పెద్ద గొయ్యి పడింది. ఆ రోజు మిడ్‌సమ్మర్ సెలవు, లోపల ఎవరూ లేరు కాబట్టి ఒక్క ప్రాణం కూడా పోలేదు. 1992లో తవ్వకాలు ఆగిపోయాయి. దారి పొడుగునా రైలు కిటికీలోంచి కనిపించే ఎర్ర చెక్క ఇళ్ళ రంగు పుట్టింది కూడా ఈ గనిలోనే. రాగి తీశాక మిగిలిన మట్టిలోని ఇనుప ఆక్సైడుతో చేస్తారు. మన పల్లెల్లో గోడ అంచులకి పూసే జేగురు లాంటిదే అని చెప్పండి, అమ్మగారికి ఇట్టే అర్థమవుతుంది. గని లోపలికి మెట్లు చాలా ఉంటాయి, వేసవిలోనూ చలే. మీరూ నాన్నగారూ స్వెట్టర్లు వేసుకుని దిగండి, అమ్మగారు పైన మ్యూజియం చూసి, గొయ్యి అంచున కూర్చోవచ్చు.

మళ్ళీ అడిగినవారు:
చాలా థాంక్స్ అండి. స్కూగ్‌షిర్కోగోర్డెన్ మెట్రో దిగగానే ఉంది కదా, దాన్ని వదిలేశారేం?

జవాబు:
అది శ్మశానవాటిక అండి, అందుకే ముందు చెప్పలేదు. చాలా గొప్ప చోటు. అస్‌ప్లుండ్, లెవెరెంత్స్ అనే ఇద్దరు ఆర్కిటెక్టులు పైన్ చెట్ల అడవిని అలాగే ఉంచి, వాటి మధ్యలో సమాధులు అమర్చారు. పాతకాలపు హాలీవుడ్ నటి గ్రెటా గార్బో సమాధి కూడా అక్కడే. కానీ పెద్దవాళ్ళకి మైల పట్టింపు ఉంటుంది. పార్కు అని చెప్పి తీసుకెళ్ళకండి. విషయం చెప్పి, వాళ్ళు సరేనంటేనే వెళ్ళండి, తిరిగొచ్చి స్నానం చేసే వీలుండేలా సాయంత్రం పెట్టుకోండి.

ఇంకొకరు:
బిర్కా గురించి ఎవరూ అనలేదు. వైకింగుల వ్యాపార పట్నం, మేలరెన్ సరస్సులో దీవి. పడవలో పోవడానికి రెండు గంటలు, రావడానికి రెండు గంటలు, వేసవిలోనే నడుస్తుంది. గడ్డి దారులు, ఎత్తుపల్లాలు ఉంటాయి కాబట్టి అమ్మగారు రేవు దగ్గర మ్యూజియం వరకే చూడొచ్చు. పులిహోర కట్టుకెళ్ళండి. మీ నాన్నగారి కోసం ఒక్క మాట: ఆ సరస్సులోనే హెల్యో అనే దీవిలో తవ్వితే, మన ఉపఖండపు వాయవ్యం నుంచి వచ్చిన చిన్న కంచు బుద్ధుడు దొరికాడు, సుమారు 6వ శతాబ్దం నాటివాడు. ఆ విగ్రహం స్టాక్‌హోమ్‌లోని చరిత్ర మ్యూజియంలో ఉంది. బిర్కా కన్నా ముందు రోజు అది చూపించండి. బయల్దేరే ముందు మ్యూజియం తెరిచి ఉండే వేళలు ఒకసారి చూసుకోండి.