నలుగురం వంద కిలోమీటర్లు నడుస్తాం సరే, చందా అడగొచ్చా?

నారాయణగూడ నడక
మా ఆఫీసులో నలుగురం జనవరిలో జరిగే ఒక వాక్‌కి పేర్లిచ్చాం. పక్క రాష్ట్రంలో, కొండదారిలో 100 కి.మీ. 48 గంటల్లో పూర్తిచేయాలి, నలుగురూ కలిసే నడవాలి. జట్టు తరఫున లక్ష రూపాయలు పోగుచేసి, పల్లెటూరి బడుల్లో మరుగుదొడ్లు కట్టించే ఒక సంస్థకు ఇవ్వాలి. బంధువుల వాట్సాప్ గ్రూపులో ఈ సంగతి పెట్టాను. పది నిమిషాల్లో మా బావగారి జవాబు: "నడిచేది నువ్వు, తగ్గేది నీ పొట్ట, డబ్బు మాత్రం మాదా?" కింద అందరూ నవ్వే బొమ్మలు. ఆ రోజు నుంచి ఎవరినీ అడగడానికి నోరు రావడం లేదు. మీరేమంటారు?

లెక్కల మాస్టారు
మీ బావగారు అన్నదాంట్లో తప్పేముంది? షూ జత ఏడెనిమిది వేలు, నలుగురికి ముప్పై. ఎంట్రీ ఫీజు, ప్రయాణం, రెండు రాత్రులు గది, వెనకాల సామాను మోసే కారు, దానికి డీజిల్. అరవై వేలు దాటుతుంది. లక్ష పోగుచేయడానికి అరవై వేల ఖర్చు! ఆ అరవై వేలూ బడికి ఇచ్చేసి ఇంట్లో హాయిగా పడుకోండి.

నారాయణగూడ నడక
మాస్టారూ, నిజం చెప్పమంటారా? ఇంట్లో ఉంటే ఆ అరవై వేలు బడికి వెళ్లవు. గోవాకి వెళ్తాయి.

ముషీరాబాద్ మజ్జిగ
నేను ఒకసారి నడిచాను, అందుకని కాస్త పెద్దగా రాస్తున్నా.

ఈ నలుగురు, వంద, 48 గంటల పద్ధతి హాంకాంగ్‌ది. అక్కడ బ్రిటిష్ సైన్యంలో ఉన్న గూర్ఖాలు 1981లో మెక్లిహోస్ ట్రెయిల్ అనే 100 కి.మీ. కొండదారి మీద శిక్షణ కోసం మొదలుపెట్టారు. చందాలు పోగుచేయడం అప్పటినుంచే ఉంది. 1986లో మామూలు జనాన్ని కూడా రానిచ్చారు, నిర్వహణలో ఆక్స్‌ఫామ్ అనే స్వచ్ఛంద సంస్థ చేరింది. ట్రెయిల్‌వాకర్ అంటారే, అదే.

48 గంటల్లో వంద అంటే గంటకు రెండు కి.మీ. పైచిలుకు. కాగితం మీద చూస్తే మా అమ్మమ్మ కూడా నడిచేస్తుంది. కానీ గడియారాన్ని తినేది నడక కాదు, ఆగడం. సాక్సులు మార్చడానికి ఇరవై నిమిషాలు, టీకి అరగంట, ఒకడికి కడుపు నొప్పి అని మరో అరగంట. మా జట్టులో అరవై కి.మీ. దాటాక, తెల్లవారుజామున మూడింటికి, ఒకడు కల్వర్టు గోడ మీద కూర్చుని సాక్సు లాగాడు. మడమ మీద బొబ్బ చిట్లి చర్మం సాక్సుతోపాటే వచ్చింది. టార్చి పట్టుకున్నవాడు మొహం తిప్పుకున్నాడు. అక్కడినుంచి మిగతా ముగ్గురం వాడి నడకే నడిచాం. ఎవరు మెల్లగా నడిస్తే అదే జట్టు వేగం. నాలుగు నెలలు ఒకే క్యాబిన్‌లో పనిచేసినా తెలియని మనిషి ఆ నలభై కి.మీ.లో తెలిశాడు.

ఇక డబ్బు. మూడేళ్లుగా పలకరింపు లేని స్కూల్ ఫ్రెండ్ 1116 పంపాడు. మా వీధి ఇస్త్రీ అతను యాభై ఇచ్చి, "ఏ ఊరిదాకా సార్?" అన్నాడు. గుండ్రంగా తిరిగి బయల్దేరిన చోటికే వస్తామంటే చాలాసేపు నవ్వాడు. వీళ్లెవరినీ నేను ఊరికే అడిగేవాణ్ని కాదు, సిగ్గు. నడుస్తున్నానని చెప్పుకున్నాక అడగడానికి ఒక వంక దొరికింది. నాకు తెలిసి ఈ నడకకున్న పని అంతే.

సైనిక్‌పురి అత్తయ్య
అపార్ట్‌మెంట్‌లో వినాయక చవితికి 1116 తీసుకుంటారు, డీజేకి ఎంత పోయిందని ఏ బావగారూ అడగరు. కాబట్టి అడుగు బాబూ.

కానీ నాకు ఒకటి మింగుడుపడదు. 2020 మే నెలలో, లాక్‌డౌన్ రోజుల్లో, మేడ్చల్ దగ్గర హైవే మీద మేం పులిహోర పొట్లాలు పంచాం. పిల్లల్ని చంకనేసుకుని ఉత్తరాదికి నడిచిపోయే కూలీలు. ఒకామె చెప్పు తెగిపోతే నీళ్ల సీసా నలిపి, గుడ్డపీలికతో పాదానికి కట్టుకుంది. పొట్లం తీసుకుని, "ఇంకా ఎంత దూరం?" అని నన్నే అడిగింది. ఏం చెప్పను? మీరు నడవండి, వద్దనను. పోస్టర్ మీద మాత్రం కష్టం, త్యాగం లాంటి మాటలు రాయకండి. మీ వెనకాల కారుంది.

నారాయణగూడ నడక
అత్తయ్యగారూ, మా పోస్టర్‌లో సరిగ్గా ఆ రెండు మాటలూ ఉన్నాయి. తీసేస్తాను.

కోకాపేట కుర్రాడు
అసలు వేరే రాష్ట్రం ఎందుకన్నా? మన హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు ఉన్న 23 కి.మీ. ట్రాక్ ఉంది కదా, 2023లో తెరిచారు. రెండుసార్లు వెళ్లొస్తే 92. మిగతా 8 గండిపేట వైపు. గది ఖర్చు లేదు, ప్రయాణం లేదు.

రెండు చక్రాలు
తమ్ముడూ, అది సైకిళ్ల కోసం వేసిన ట్రాక్. రాత్రి రెండింటికి నలుగురు నిద్రమత్తులో అడ్డంగా నడుస్తుంటే బ్రేకులు వేయాల్సింది మేము. దయచేసి వద్దు.

రసీదు పుస్తకం
నడవడం సబబా కాదా అన్నది మీరు తేల్చుకోండి. ఒక్క మాట: డబ్బు మీ ఫోన్‌పేలో వేయించుకోకండి. సంస్థ లింకు పంపండి, ఎవరిది వాళ్లే నేరుగా కట్టుకుంటారు. మీ ఖాతాలో పోగుచేసి మీరు ఒకేసారి కడితే రసీదు మీ పేరు మీదే వస్తుంది, ఇచ్చినవాళ్లకు విరాళం మీద ఆదాయపన్ను మినహాయింపు దక్కదు. ఆ మినహాయింపు కోసం సంస్థ నుంచి విరాళం ధ్రువపత్రం కూడా అడిగి తీసుకోవాలి. నగదు 2000 దాటితే మినహాయింపు లేదు. కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకు ఎలాగూ లేదు, వాళ్లకి ఆశ పెట్టకండి. పైగా డబ్బు మీ చేతికి రాకపోతే మీ బావగారికి అనడానికి ఏమీ మిగలదు.

లెక్కల మాస్టారు
గోవా మాట ఒప్పుకుంటాను, నిజాయితీగా ఉంది. అయినా నా అభ్యంతరం పోలేదు. ఖర్చు ఎంత, ఎవరు పెట్టుకున్నారు అన్నది అడిగే మెసేజ్‌లోనే రాయాలి, తర్వాత కాదు. ఇచ్చేవాడికి తన వంద రూపాయలు మీ షూలోకి పోలేదని తెలియాలి.

నారాయణగూడ నడక
రాత్రి నలుగురం కూర్చుని మెసేజ్ మళ్లీ రాశాం. "షూ, ఫీజు, ప్రయాణం, గది మా జేబులోంచే, మొత్తం 61,400. మీరిచ్చేది నేరుగా సంస్థకే, లింకు కింద ఉంది. నడక మా సరదా. ఇవ్వకపోయినా నడుస్తాం." పొద్దున్నే గ్రూపులో పెట్టాను. ఇప్పటికి తొమ్మిది మంది కట్టారు. బావగారు చూసినట్టు రెండు నీలం టిక్కులు ఉన్నాయి, జవాబు లేదు.

లెక్కల మాస్టారు
61,400. నేను అరవై అన్నాను. షూ అర సైజు పెద్దవి కొన్నారా?

నారాయణగూడ నడక
ఇప్పుడు కొన్నాం. మొదటి జతతో సాధనకి వెళ్లి అనంతగిరి కొండ దిగేటప్పటికే ఎడమ కాలి బొటనవేలి గోరు నల్లబడింది. ఆ జత ఖర్చు లెక్కలో వేయలేదు లెండి.