1920ల నాటి గుంటూరు మహిళా ఓటర్ల జాబితాలు ఎక్కడ దొరుకుతాయి?

అందరికీ నమస్కారం. మాది గుంటూరు బ్రాడీపేట. మా వీధి ఆడవాళ్ళ సమావేశంలో ఈసారి ఓటు హక్కు గురించి నన్ను మాట్లాడమన్నారు.

స్త్రీలకు ఓటు ఇవ్వాలని మద్రాసు శాసనమండలి 1921లోనే తీర్మానించింది. అప్పుడు మన జిల్లా ఆ రాష్ట్రంలోదే. కానీ ఆస్తి, పన్ను లెక్క ఉన్నవాళ్ళకే ఆ హక్కు. కూలికి వెళ్ళే ఆడవాళ్ళు చాలావరకు రాజ్యాంగం వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది. అప్పుడు కూడా, 1951-52 ఎన్నికల్లో, దేశంలో దాదాపు 28 లక్షల మంది స్త్రీలు సొంత పేరు చెప్పకుండా ఫలానావారి భార్య, కూతురు అని రాయించుకోవడంతో జాబితాలో లేకుండా పోయారు. ఇది తెలిశాక నాకు చాలా బాధేసింది. అందుకే మన ఊళ్ళో ముందుగా ఓటేసిన ఆడవాళ్ళ పేర్లు పైకి చదివి వినిపించాలని ఉంది.

ఆ జాబితాలు కలెక్టరేట్‌లో అడిగితే దొరుకుతాయా, లేక చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌కే వెళ్ళాలా? ఉన్నవ లక్ష్మీనారాయణ, లక్ష్మీబాయమ్మ దంపతులు 1922లో గుంటూరులో పెట్టిన ఆడపిల్లల విద్యాలయం శారదా నికేతనంలో చదువుకున్నవాళ్ళ కుటుంబాలు ఎవరైనా ఉంటే, ఇంట్లో చెప్పుకునే సంగతులు కూడా రాయండి.

ఇంకొకటి. ఎవరికి వేయాలో ఇంట్లో మగవాళ్ళే చెబుతారని మా దగ్గర కొందరు మామూలుగా అంటుంటారు. వాళ్ళు నొచ్చుకోకుండా ఈ మాట ఎలా ఎత్తాలి? ఇలాంటి సమావేశాలు నడిపినవాళ్ళు దయచేసి చెప్పండి.