ఆరేళ్ళ కిందట వేసిన ప్లాస్టిక్ గడ్డి పొడిపొడిగా రాలుతోంది, పీకేయాలా ఉంచాలా?

పెరటిగడప:
అందరికీ నమస్తే అండి. మేం ఈమధ్యే మారిన ఇంట్లో పెరడంతా ఆర్టిఫిషియల్ గ్రాస్ పరిచి ఉంది, ముందున్నవాళ్ళు వేయించి ఆరేళ్ళయిందట. దూరం నుంచి చూస్తే ఇప్పటికీ పచ్చగానే ఉంది. కానీ పోయిన వారం ఊడుస్తుంటే చేటలోకి దుమ్ముతో పాటు పచ్చ పోగులు కూడా వచ్చాయి, ఒక్కోటి గోరంత పొడవు. ఒక కుచ్చు పట్టుకుని కొంచెం లాగానో లేదో పుటుక్కున తెగిపోయింది, వేళ్ళ మధ్య నలిపితే పొడి అయిపోయింది. వాన వెలిశాక తూము దగ్గర జాలీకి నాచులా ఏదో పట్టుకుని కనిపించింది, నాచే అనుకుని పుల్లతో గీకి చూస్తే మొత్తం ఈ పోగులే అండి. జాలీకి ఆగినవే ఇన్నుంటే దాటిపోయినవి ఎన్నో అని అప్పట్నుంచి మనసు ఊరుకోవట్లేదు. మా పాపకి రెండేళ్ళు, దానిమీదే దొర్లుతూ ఆడుతుంది, ఏది దొరికితే అది నోట్లో పెట్టుకునే వయసు. మా ఆయనేమో పీకేస్తే అదంతా పోయేది చెత్తకుప్పకే కదా, ఉన్నన్నాళ్ళు ఉండనీ అంటున్నారు. ఆయన మాట కూడా కొట్టిపారేయలేకపోతున్నా. తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

మట్టివాసన:
పీకేయండి. ఇంకో ఆలోచన వద్దు. మేం మా ఇంట్లో వేయించి ఏడేళ్ళు ఉంచాం, చివరి రెండేళ్ళు మీరు చెప్పిందే అచ్చంగా మాకూ జరిగింది. అది పాలిథిలిన్ అనే ప్లాస్టిక్ అండి, ఎండ దెబ్బ తట్టుకోవడానికి తయారు చేసేటప్పుడు అందులో కొన్ని కెమికల్స్ కలుపుతారు, ఏళ్ళు గడిచేకొద్దీ అవి అయిపోతాయి, అక్కణ్ణుంచి పోగు పెళుసెక్కి విరగడం మొదలవుతుంది, ఒకసారి మొదలైందంటే ఆగదు, ఏ ఏడుకాయేడు ఎక్కువే అవుతుంది. అంటే మీ ఆయన అనే "ఉన్నన్నాళ్ళు" అనేదే అసలు ప్రమాదం. ఇప్పుడు తీస్తే చాపలా చుట్టి ఒకచోట పెట్టగలరు, ఇంకో మూడేళ్ళాగితే సగం తూములోంచి వెళ్ళిపోయి ఉంటుంది, దాన్ని ఎవరు ఏరి తెస్తారు?

ఇంకోటి, ఎండలో పాపని దానిమీద ఉత్తకాళ్ళతో నడవనివ్వకండి. మా చిన్నాడికి ఒకసారి అరికాళ్ళు ఎర్రగా కందిపోయాయి, ఆరోజు నేను పడ్డ బాధ ఇప్పటికీ గుర్తుంది.

నీటిజాడ:
పైన చెప్పింది నిజం, నాకు తెలిసినవి కొన్ని కలుపుతా. ఈ పోగులు ఎక్కడికి పోతాయన్నది ఊహ కాదండి, బార్సిలోనా యూనివర్సిటీ వాళ్ళు అక్కడి తీరంలో సముద్రం పైపై నీళ్ళు, స్పెయిన్‌లోనే ఉన్న గ్వాడల్‌క్వివిర్ నది నీళ్ళు వలేసి జల్లించి చూశారు, 2023లో బయటికొచ్చింది ఆ స్టడీ. కాస్త పెద్ద సైజు, అంటే 5 మిల్లీమీటర్లు దాటిన ప్లాస్టిక్ ముక్కల్లో ఈ గడ్డి పోగులే కొన్నిచోట్ల 15 శాతం పైన తేలాయి. మీ తూము జాలీలో చూసింది అదే, అక్కడ సముద్రంలో చూశారంతే.

వేడి గురించి కూడా, అమెరికాలో బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ వాళ్ళు 2002లో తమ ప్లాస్టిక్ గడ్డి గ్రౌండ్ మీద కొలిస్తే ఉపరితలం 93 డిగ్రీల సెల్సియస్ దాకా పోయింది, పక్కనున్న తారు కన్నా ఎక్కువ. అసలు గడ్డి ఎందుకు చల్లగా ఉంటుందంటే అది నీళ్ళు ఆవిరిగా వదులుతుంది కాబట్టి, మనకి చెమట పట్టినట్టే. ప్లాస్టిక్‌కి ఆ దారి లేదు కదా, పడ్డ ఎండంతా తాగి కూర్చుంటుంది. పైగా పాలిథిలిన్ ఎండకి పాడయ్యేకొద్దీ భూమిని వేడెక్కించే మీథేన్ వాయువు కూడా వదులుతుందని హవాయి యూనివర్సిటీ వాళ్ళు 2018లో చూపించారు.

మీ గడ్డి మొదళ్ళలో, పోగులు నిలబడడానికి పోసే నల్ల గుళికలు ఉన్నాయా? ఉంటే అవి పాత టైర్ల రబ్బరు, ముందు పాపని అక్కడికి పోనివ్వకండి. టైర్లు త్వరగా పాడవకుండా అందులో సిక్స్-పీపీడీ అని ఒక కెమికల్ కలుపుతారు, అది గాల్లో ఓజోన్‌తో కలిసి మారాక కోహో సాల్మన్ చేపల్ని గంటల్లో చంపేస్తోందని 2020లో కనిపెట్టారు, ఏళ్ళ తరబడి వానలు పడ్డప్పుడల్లా ఆ చేపలు ఎందుకు చచ్చిపోతున్నాయో అప్పటిదాకా ఎవరికీ అంతుబట్టలేదు. యూరోపియన్ యూనియన్ ఈ గుళికల అమ్మకాన్ని ఆపుతూ 2023లో రూల్ తెచ్చింది, ఉన్న గ్రౌండ్ల కోసం 8 ఏళ్ళు టైమిచ్చారు, 2031 అక్టోబర్ నుంచి అమలు.

గోల్‌పోస్ట్:
నేను పిల్లలకి ఫుట్‌బాల్ నేర్పిస్తా, నా మాట కొంచెం వేరే. గ్రౌండ్ల దగ్గర దీన్ని అంత తేలిగ్గా తీసేయలేం అండి, రోజుకి ఎనిమిది గంటలు పిల్లలు పరిగెడితే ఏ గడ్డీ బతకదు, వానాకాలం మొత్తం బురద, ఆట బంద్. ఆ ఒక్కచోట దాని అవసరం నేను కళ్ళారా చూశా. అలాగని అక్కడ నష్టం లేదనట్లేదు, ఆట అయ్యాక పిల్లల బూట్లలోంచి గుప్పెడు గుళికలు రాలతాయి, అందుకే మేం గేటు దగ్గర బ్రష్షులు పెట్టి అక్కడే దులిపించి మళ్ళీ గ్రౌండ్‌లోనే పోయిస్తున్నాం. కానీ ఇంటి పెరట్లో ఎందుకండి, అక్కడ మ్యాచులేం జరగవు కదా. పెరటి విషయంలో నా ఓటు కూడా పీకేయడానికే.

పెరటిగడప:
థాంక్యూ అండి అందరికీ. నల్ల గుళికలు లేవు, ఇసక మాత్రమే ఉంది, కొంచెం ఊపిరి పీల్చుకున్నా. నిన్న సాయంత్రం మా ఆయనా నేనూ ఒక మూల లేపి చూశాం. కింద కంకర పొడి, దాని కింద మన్ను ఇటుకలా బిగుసుకుపోయి ఉంది, గునపంతో జానెడు తవ్వితే ఒక్క వానపాము కూడా కనబళ్ళేదు, మన్ను వాసనే లేదు. చెంబుడు నీళ్ళు పోస్తే అలాగే నిలబడిపోయాయి. ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత తీసేద్దాం అన్నారు. ఇప్పుడు దీన్ని రీసైక్లింగ్‌కి ఇవ్వొచ్చా? తీశాక అక్కడ ఏం వేయాలి?

నీటిజాడ:
రీసైక్లింగ్ కష్టమేనండి, అబద్ధం చెప్పను. పోగు ఒక ప్లాస్టిక్, కింది బట్ట ఇంకో ప్లాస్టిక్, రెండూ లేటెక్స్ జిగురుతోనో పాలీయురిథేన్ జిగురుతోనో అతికించేసి ఉంటాయి, మధ్యలో ఇసక, వాటిని విడదీయడమే పెద్ద పని. మామూలు ప్లాస్టిక్ సంగతే చూడండి, 2015 దాకా ప్రపంచంలో పోగైన ప్లాస్టిక్ చెత్తలో రీసైకిల్ అయింది 9 శాతమే. అడిగి చూడండి, తీసుకునేవాళ్ళు లేకపోతే గట్టిగా కట్టి చెత్తవాళ్ళకి అప్పగించండి. ఎట్టి పరిస్థితుల్లో కాల్చొద్దు.

మట్టివాసన:
తీసే పద్ధతి చెప్తా, మేం మొదట్లో తప్పు చేశాం కాబట్టి. కత్తితో ముక్కలు కోశాం, కోసిన ప్రతి గీతకీ గుప్పెళ్ళకొద్దీ పోగులు రాలి వారం పాటు ఏరుకున్నాం. కోయకుండా పొడవునా చుట్టేయండి, గాలి లేని రోజు చూసుకుని, పైన కొంచెం నీళ్ళు చిలకరించి. ప్రెషర్ వాషర్ అసలు వాడొద్దు. అన్నిటికన్నా ముందు తూముకి ఇంకా సన్నటి దోమతెర లాంటి జాలీ కట్టండి, ఆ తర్వాతే చాప మీద చెయ్యి వేయండి.

మన్నుకి తొందరపెట్టకండి. గునపంతో గుల్ల చేసి, ఎండుటాకులు, పశువుల ఎరువు వేసి తడుపుతూ ఉండండి. ఎండ తగిలేచోట గరిక పెట్టండి, అది తొక్కుడుకి తట్టుకుంటుంది, నాలుగు కణుపులు గుచ్చితే చాలు అదే పాకుతుంది. నీడ ఉన్నచోట గరిక రాదు, అక్కడ ఆకులు పరిచి వదిలేయండి, పాప ఆడుకోవడానికి అదే బాగుంటుంది. మాకు వానపాము కనబడ్డానికి రెండు వానాకాలాలు పట్టింది, మా చిన్నాడే మొదట చూశాడు, పరిగెత్తుకొచ్చి మరీ చూపించాడు.

పెరటిగడప:
జాలీ ఈరోజే తెప్పించాం అండి. ఆదివారం గాలి లేకపోతే చుట్టడం మొదలుపెడతాం.