లక్క పళ్లేన్ని ‘చిత్రిక పట్టారు’ అనవచ్చా?

ప్రశ్న: ఏటికొప్పాక పళ్లెం ఫొటో కింద ‘అంకుడు కర్రను చిత్రిక పట్టి, అంచున నగిషీ చెక్కి, లక్క పూసిన పళ్లెం’ అని రాసి ఉంది. చిత్రిక పట్టడం అంటే చెక్కడమేనా? ‘పల్లె బతుకును చిత్రిక పట్టిన కథ’ అని కూడా చదువుతుంటాం కదా.

జవాబు: కాదండీ. చిత్రిక వడ్రంగి చేతి పనిముట్టు. దిమ్మలో బిగించిన పదునైన బిళ్ల పలక మీద సాగుతుంటే పొట్టు చుట్టలు చుట్టలుగా లేస్తుంది, పలక చదునవుతుంది. ‘చిత్రం’ అన్న మాట అందులో వినబడటం వల్ల కథల సమీక్షల్లో చిత్రించడం అనే అర్థం తగిలించేశారు. చిత్రిక బొమ్మ గీయదు, ఎగుడుదిగుళ్లు తీస్తుంది. గుండ్రటి పళ్లేనికి మనకు వేరే మాటే ఉంది: తరిమెన పట్టడం. ఇక్కడ చెక్క తిరుగుతుంది, ఉలి ఆనించి ఉంటుంది. ఇప్పుడు అందరూ లేత్ అంటున్నారు గానీ తరిమెన వదులుకోదగ్గ మాట కాదు.

ఇంకొకరు: చిన్న సవరణ. పళ్లెం పనిలో చిత్రికకూ చోటుంది. లేత్‌లో తిరిగే ఇనుప పలకకు (ఫేస్‌ప్లేట్) బిగించే చెక్క ముఖాన్ని ముందు చిత్రిక పట్టి చదును చేయాలి. లేకపోతే చెక్క ఊగుతుంది, అడుగు ఒక పక్క మందంగా, ఒక పక్క పలచగా తేలుతుంది. పచ్చి చెక్కయితే తరిమెన కూడా రెండుసార్లు పట్టాలి. 10 అంగుళాల పళ్లేనికి మొదట అంగుళం మందం ఉంచి, బాగా ఆరాక అసలు మందానికి దించాలి. చెక్క ఆరేటప్పుడు వయసు వలయాల వెంబడి కుంచించుకున్నంతగా వాటికి అడ్డంగా కుంచించుకోదు. అందుకే ఒకేసారి పలచగా తీసిన పళ్లెం ఆరాక కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది.

మూడో వ్యక్తి: ‘లక్క పూసిన’ కూడా సరిచేయండి. పూయడానికి అది రంగునీళ్లు కాదు. తిరుగుతున్న చెక్కకు గట్టి లక్క కడ్డీని నొక్కిపెడితే రాపిడి వేడికి కరిగి అంటుకుంటుంది. తర్వాత మొగలి ఆకు మడిచి అదిమితే సమంగా పరుచుకొని మెరుపు వస్తుంది. కాబట్టి ‘లక్క పట్టించిన’ అనాలి. చెక్కలో తడి ఉంటే ఆ లక్క తర్వాత పెచ్చులుగా లేస్తుంది.

వరస కూడా తప్పే. ముందే చెక్కితే కడ్డీ గుంటల మీద ఎగిరెగిరి పడుతుంది, లక్క గట్ల మీదే అంటి గుంటలు బోసిగా మిగులుతాయి. లక్క పట్టించాకే నగిషీ. సింధ్‌లోని హాలాలో రంగురంగుల లక్క పొరలు ఒకదానిపై ఒకటి పట్టించి, సన్న మొనతో పై పొర గీకి కింది రంగు తేలుస్తారు. నగిషీ, నక్షా, నకాషీ అన్నీ ‘నక్ష్’ అనే అరబ్బీ మాట బిడ్డలే.

లక్క లేని ఉత్త చెక్క అంచు మీద చెక్కేటప్పుడు, ఉప్పు కాగితం పని 120 నంబరు గరుకు నుంచి 240 దాకా ముందే ముగించి దుమ్ము పూర్తిగా దులపాలి. చెక్కలో ఇరుక్కున్న గరుకు రేణువు ఉలి పదును తినేస్తుంది. పూల నగిషీలో ఒక్కో రేకకు నడిమి గీత ముందు నిలువుగా కోసి, రెండు పక్కల నుంచీ దానిలోకి వాలుగా దింపాలి. అంచు చుట్టూ తిరుగుతుంటే నార దిశ మారుతూ ఉంటుంది. ఎదురు నారలో అదే చేతివాటంతో లాగితే రేక మొన ఊడి వస్తుంది. అక్కడ పళ్లేన్ని తిప్పుకొని అటు నుంచి కోయాలి.

ప్రశ్న వేసినవారు: అయితే ‘అంకుడు కర్రను తరిమెన పట్టి, లక్క పట్టించి, అంచున నగిషీ చెక్కిన పళ్లెం’ అనవచ్చా?

మొదట జవాబిచ్చినవారు: ఫొటో పెద్దది చేసి చూశాను. అంచున ఉన్నవి మూడు గీతలు. ఎక్కడా తెగకుండా, లోతు మారకుండా చుట్టూ తిరిగి కలిశాయి. అవి చెక్క తిరుగుతుండగా ఉలి మొన ఆనించి తీసిన గాళ్లు, నగిషీ కాదు. చుట్టూ ఒకే లోతు కాబట్టి కడ్డీ వీటి మీద ఎగరదు, లక్కకు ముందే తీయవచ్చు. ‘అంకుడు కర్రను తరిమెన పట్టి, అంచున గాళ్లు తీసి, లక్క పట్టించిన పళ్లెం’ అని రాయండి.