అప్‌డేట్: డబ్బా రేకు విజిల్ ఇప్పుడు గట్టిగా మోగుతోంది

సిరొంచ అడవిలో పశువులు కాసేవాళ్లు ఆపదలో సాయం కోసం ఊదేందుకు కూల్‌డ్రింక్ డబ్బా రేకుతో చేసే విజిల్ గురించి అడిగాను. ఊదితే గాలే వస్తోంది, మోత లేదు అన్నది ప్రశ్న. జవాబు చెప్పిన అన్నలకు నమస్కారం. లోపం అంచు దగ్గర ఉంది.

1.5 సెం.మీ. వెడల్పు, 9 సెం.మీ. పొడవు రేకు ఒకటి. దాని ఒక చివర 3 సెం.మీ. మేర, మధ్యలో ఐస్‌క్రీమ్ పుల్ల పెట్టి, ఇంకో ముక్కను బిగించి చుట్టాలి. పుల్ల తీస్తే చప్పటి గాలి దారి మిగులుతుంది. మిగతా రేకును దారి చివరే కిందికి వంచి, లావు మార్కర్ పెన్ మీదుగా గుండ్రంగా తిప్పి పైకి తేవాలి. దాని కొస గాలి దారికి ఎదురుగా, 3-4 మి.మీ. ఎడంలో ఆగాలి. మోత పుట్టేది ఇక్కడే: గాలి ఆ అంచుకు తగిలి రెండుగా చీలాలి. అంచు వెంట్రుకంత పైకి లేచినా బుస్సుమనే శబ్దమే. కొసను గోటితో కొంచెం కొంచెం నొక్కుతూ, ఊదుతూ సరిచేయాలి.

పక్కలు వేళ్లతో మూయొచ్చు. కానీ దెబ్బ తగిలినవాడి చేయి వణుకుతుంది, కాబట్టి గుండ్రటి రేకు బిళ్లలు పెట్టి ఎమ్‌సీల్‌తో మూసేయడమే మేలు. డబ్బా రేకు మందం సుమారు 0.1 మి.మీ. మాత్రమే, జేబులో నలిగిపోతుంది. నూనె డబ్బా రేకు గట్టిది. అంచులు గరుకు కాగితంతో రుద్దకపోతే పెదవి తెగుతుంది.

పిల్లలకూ నేర్పాల్సింది: ఆపదలో ఉంటే మూడు ఊదులు, కాస్త ఆగి మళ్లీ మూడు.